ఎర్రచుక్క మీట

వెన్-టెంగ్ దుకాణానికి వచ్చే సామాన్లలో సగం గాలి వల్లే చస్తాయి. బేటో ఊరి గాలి అలాంటిది. వేడినీటి ఊటల్లోంచి లేచే గంధకపు ఆవిరికి ఒంటినొప్పులు పోతాయని ఎక్కడెక్కడి జనమో వచ్చి ఇక్కడ స్నానాలు చేసి పోతారు. అదే ఆవిరి పెట్టెల్లోకి దూరి రాగిని నల్లగా, ఇత్తడిని పచ్చగా తినేస్తుంది. పక్క ఊళ్ళో నిక్షేపంలా పనిచేసే ఫ్రిజ్జు ఇక్కడికి రాగానే మూలగడం మొదలుపెడుతుంది. అమ్మిన షాపువాడు "మీ ఊరి గాలికి గ్యారంటీ ఇవ్వం" అని చేతులు దులుపుకుంటాడు. అలా దులిపేసిన సామానే వెన్-టెంగ్‌కి ఇంత అన్నం పెడుతోంది.

అందుకని అతనికో పద్ధతి అలవాటైంది. జబ్బు ఎక్కడున్నా సరే, పెట్టె విప్పాడంటే లోపలి బోర్డులన్నీ స్పిరిట్‌తో కడగాలి, కుంచెతో తోమాలి, ప్రతి కనెక్టరూ ఊడదీసి తుడవాలి. ఆ తర్వాతే మూత. ఊళ్ళో మిగతా మెకానిక్కులు చెడిపోయినదాన్ని మార్చి పంపేస్తారు, తను మాత్రం పెట్టెకు తలంటు పోస్తాడు. ఈ విషయంలో అతనికి కాస్త పొగరు కూడా ఉంది.

ఆ మధ్యాహ్నం సన్నగా ముసురు పడుతోంది. బి-యున్ కీబోర్డుని పూల దుప్పట్లో చుట్టి, చిన్న తోపుడు బండి మీద పెట్టి తెచ్చింది. అరవై దాటిన మనిషి. వానలో కూడా పెదాలకు రంగు, చెవులకు ముత్యాలు. హోటళ్ళలో, స్నానశాలల్లో గది గదికీ తిరిగి విందుల దగ్గర పాడే జంటలు ఒకప్పుడు ఈ ఊళ్ళో వీధికి నాలుగుండేవి. ఇప్పుడు మిగిలింది ఈవిడా, కీబోర్డు వాయించే ఈవిడ మొగుడు హువో-వాంగూ.

"ఏమైందక్కా?"

"కాసేపు బానే ఉంటుంది తమ్ముడూ. తర్వాత పాట మధ్యలో ఠక్కున నోరు మూసేస్తుంది. చల్లారాక మళ్ళీ మామూలే. మొన్న ఆ పెళ్ళి విందులో నా పరువు తీసింది."

"అన్న ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు, నవ్వాడు. నేను ఉత్త గొంతుతోనే లాగించేశాను." బి-యున్ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది కానీ వెళ్ళలేదు. కీబోర్డు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇది కరెంటు జబ్బే కదా? దాని వరకే చూడు. మిగతాదేదీ ముట్టుకోకు."

"మంచిదక్కా."

"ఊరికే మంచిదనకు. లోపల వేరేదేదీ కదిలించకు. పేట ముసలివాళ్ళ పండగ విందుకి మేం వాయించాలి. నాలుగు రోజులే ఉన్నాయి."

ఆవిడ గుమ్మం దాటగానే, లోపల ఉల్లికాడలు తరుగుతున్న వెన్-టెంగ్ భార్య చియావో తల బయటికి పెట్టింది. "విన్నావుగా? ముట్టుకోకు అంది."

"అందరూ అనేదే. మంచి పార్టులు పీకేసి పాతవి తగిలిస్తానని భయం."

"బి-యున్ అక్క అలాంటి మనిషి కాదు."

"మనిషి ఎలాంటిదైనా భయం అందరికీ ఒకటే," అన్నాడు వెన్-టెంగ్. అన్నాడు గానీ ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నేళ్ళ పరిచయం, తన చేతిమీద ఆ మాత్రం నమ్మకం లేదా అనుకున్నాడు.

కీబోర్డు బోర్లా తిప్పి, మరలు విప్పి, ఒక్కొక్కటే టీ సాసర్లో వేశాడు. మూత లేపగానే గంధకమూ, ఎన్నో ఏళ్ళ విందుల సిగరెట్ పొగా కలిసిన వాసన ముక్కుకు కొట్టింది. పవర్ బోర్డు ఎడమ మూలన ఉంది. ట్రాన్స్‌ఫార్మరు, పొట్టలు ఉబ్బిన రెండు కెపాసిటర్లు, అల్యూమినియం రేకుకి బిగించిన, ఓల్టుల్ని నిలకడగా ఉంచే రెగ్యులేటరు. రేకు చుట్టూ బోర్డు గోధుమ రంగుకి మాడింది. జపాన్‌లో కొన్న వాద్యం అది. అక్కడి కరెంటు నూరు ఓల్టులు, ఇక్కడ నూట పది. ప్లగ్గు దూరింది కదా అని ఊళ్ళో అందరూ తిన్నగా గోడకే పెట్టేస్తారు. ఆ ఎక్కువైన పదీ వేడిగా మారి రెగ్యులేటరు నెత్తిన కూర్చుంటుంది.

ఉబ్బిన కెపాసిటర్లు చూడగానే దొంగ దొరికాడనుకున్నాడు. వాటిని తీసి కొత్తవి వేసి స్విచ్చి నొక్కాడు. చక్కగా పలికింది. చియావో టీ తెచ్చింది. సగం తాగాడో లేదో కీబోర్డు గుటుక్కుమంది.

"నీ దొంగ ఇంకోడులే," అంది చియావో.

మీటరు ముళ్ళు పవర్ బోర్డు మీద ఆనించాడు. చల్లగా ఉన్నప్పుడు ఐదు ఓల్టులు నిలకడగా ఉన్నాయి. చియావో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి రెగ్యులేటరు మీద వేడిగాలి ఊదాడు. అంకె వణికింది. నాలుగున్నరకు దిగింది, నాలుగుకు దిగింది, కీబోర్డు మీది దీపాలు ఆరిపోయాయి. రెగ్యులేటరే పోయిందా, లేక దాని కాళ్ళా? వెదురు చాప్‌స్టిక్ మొనతో ఒక్కో కాలినీ మెల్లగా కదిపి చూశాడు. మూడో కాలు తాకగానే దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. భూతద్దం కింద పెట్టి చూస్తే ఆ కాలి చుట్టూ టంకంలో వెంట్రుకంత పగులు. వేడెక్కినప్పుడల్లా కాలు సాగి, పగులు నోరు తెరుచుకుని, కరెంటు తెగిపోతోందన్నమాట.

పాత టంకం కరిగించి పీల్చేశాడు. కాలు గీకి తెల్లగా మెరిసేలా చేసి కొత్త టంకం పోశాడు. రేకు కింద వేడిని లాగే తెల్ల పేస్టు రాశాడు. మళ్ళీ డ్రయ్యరు పట్టాడు. ఎంతసేపు ఊదినా ఐదు ఓల్టులు ఐదుగానే నిలబడ్డాయి. దాన్ని అలాగే ఆన్‌లో ఉంచి ఇంకో రెండు పనులు చేసుకున్నాడు. చీకటి పడే వేళకు కూడా కీబోర్డు మాటతప్పలేదు.

అక్కడితో మూత వేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

వేయబోతూ పెద్ద బోర్డు వంక చూశాడు. దాని మీదంతా నల్లటి మసి, కనెక్టర్ల మూలల్లో పచ్చటి పొక్కులు. ఓ చివర నాణెం బ్యాటరీ, దాని గూడు చుట్టూ ఆకుపచ్చ బూజు. ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఇంకా పట్టుదల పెంచింది. ఇంత చేసి మురికితో పంపిస్తే ఆరు నెలల్లో ఇంకో చోట చస్తుంది, అప్పుడు తనదే చెడ్డపేరు. పైసా తీసుకోకుండా చేస్తే ఆవిడకే తెలుస్తుంది తన చేయి ఎలాంటిదో.

కడిగేటప్పుడు బోర్డు మీద బ్యాటరీ ఉండకూడదు, అది మొదటి నియమం. చాప్‌స్టిక్ మొనతో బ్యాటరీని పైకి లేపి ఆష్‌ట్రేలో పడేశాడు. స్పిరిట్ పోసి కుంచెతో తోమాడు. నల్లటి నీళ్ళు కారాయి. ఫ్యాను కింద ఆరబెట్టాడు. గూడు గీకి కొత్త బ్యాటరీ నొక్కాడు. చివరికి పైభాగం తుడుస్తుంటే ఒక మీట మీద ఎర్రటి చుక్క కనిపించింది. గోళ్ళ రంగుతో పెట్టిందే. చుట్టూ వేళ్ళ రాపిడికి అరిగి ఉంది. చూపు ఆనని పెద్దవాళ్ళు పెట్టుకున్న గుర్తు కాబోలు అనుకుని, స్పిరిట్ తగిలి అది చెరిగిపోకుండా దాని చుట్టూ ఎంతో జాగ్రత్తగా తుడిచాడు.

* * *

మర్నాడు కీబోర్డుని తనే వ్యానులో వేసుకుని వెళ్ళాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మలుపుల్లో రెండుసార్లు గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

హువో-వాంగ్ కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నల్లగా రంగేసి వెనక్కి దువ్విన జుట్టు. ఒళ్ళో తువ్వాలు. జబ్బు చేసి లేచినప్పటి నుంచీ మాట కాస్త నెమ్మదించింది.

"రా టెంగ్. దీన్ని బతికించావంట."

"నిన్న మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆపకుండా నడిపించానన్నా. ఒక్కసారి కూడా దగ్గలేదు. నువ్వోసారి చెయ్యి వేసి చూడు."

"ఇప్పుడే తిన్నాను. తిన్న వెంటనే వాయిస్తే పాట అరగదు," అన్నాడు హువో-వాంగ్. ఎడం చేత్తో టీ కప్పు తీసుకుని తాగి, ఎడం చేత్తోనే కింద పెట్టాడు.

బి-యున్ కీబోర్డుని స్టాండు మీద సర్దుతోంది. "వేరేదేదీ ముట్టుకోలేదు కదా?" అంది, అటు తిరిగే.

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు వెన్-టెంగ్ ముందుకు వంగాడు. "అక్కా, లోపల చూసుంటే నువ్వు జడుసుకునేదానివి. అంత మసి. బోర్డు మొత్తం కడిగేశాను. బ్యాటరీ గూడు బూజుపడితే గీకి కొత్త బ్యాటరీ వేశాను. దానికి నాకేం ఇవ్వక్కర్లేదు."

బి-యున్ చెయ్యి స్టాండు మర మీదే ఆగిపోయింది. "బ్యాటరీయా?"

"చిన్నదిలే, నాణెమంత."

"పాతది తీసేశావా?"

"తియ్యకుండా ఎలా కడుగుతాను?"

ఆవిడ మొగుడి వంక చూసింది. హువో-వాంగ్ కిటికీ వంక చూస్తున్నాడు. "మంచిది తమ్ముడూ. చాలా శ్రమపడ్డావు," అంది ఆవిడ. వంటింట్లోకి వెళ్ళి రెండు పంపరపనసలు సంచిలో వేసి తెచ్చి చేతికిచ్చింది.  

కిందికి దిగి వ్యానులో కూర్చుని కూడా ఇంజను వెయ్యలేదు. బాగుచేసిన వాద్యం యజమాని చేతుల్లో మొదటిసారి పలికేటప్పుడు వినడం అతనికి ఇష్టం. కిటికీ తెరిచే ఉంది. పైన స్విచ్చి నొక్కగానే స్పీకరు టప్పుమన్న చప్పుడు వినపడింది. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ టప్పుమంది. బి-యున్ గొంతు ఏదో అంది. ఇంకోసారి నొక్కారు. మౌనం. చాలాసేపటికి కింది స్వరాలు మాత్రం నాలుగు పలికాయి, తడబడ్డాయి, ఆగిపోయాయి.

వెన్-టెంగ్‌కి టీ కప్పు పట్టుకున్న ఎడం చెయ్యి గుర్తొచ్చింది. ఒళ్ళో తువ్వాలు గుర్తొచ్చింది. చుట్టూ అరిగిన ఎర్రచుక్క గుర్తొచ్చింది. వాయించిన పాటలను దాచిపెట్టి, నొక్కగానే మళ్ళీ వినిపించే మీట అది. ఆ పాటలను కరెంటు లేనప్పుడు కూడా పోకుండా కాపాడేది నాణెమంత బ్యాటరీ.  పంపరపనసలు సీటు మీద పడేసి మెట్లు ఎక్కాడు.

తలుపు తీసే ఉంది. బి-యున్ గోడవైపు తిరిగి నిలబడింది. హువో-వాంగ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. కుడి చెయ్యి తువ్వాలు లేకుండా ఒళ్ళో ఉంది, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి.

"అందులో ఏమున్నాయన్నా?"

"నేనున్నాను," అన్నాడు హువో-వాంగ్. నవ్వబోయాడు గానీ పెదవి ఒక పక్కకే లేచింది.

తనే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. "నేను మాజాంగ్ ఆటకి పోయినప్పుడు మా ఆవిడ ఇంట్లో సాధన చేసుకోవాలి కదా. అందుకని మా పాటలన్నీ వాయించి దాచి పెట్టాను. సరదాకి. ఆ ఏడాదే ఈ చెయ్యి పోయింది. తర్వాత ఆ ఎర్రచుక్క ఈవిడ నొక్కడం, నేను కూర్చోడం. కుడి చెయ్యి ఈవిడ తీసి కీల మీద పెడుతుంది, ఎడంది నేను ఆడిస్తాను. కీల చప్పుడు బయటికి రాకుండా తగ్గించేస్తాం. ఊళ్ళో ఒక్కడికి తెలీదురా. జబ్బు చేసినా హువో-వాంగ్ చెయ్యి తగ్గలేదంటారు."

"నాకూ తెలీదు," అన్నాడు వెన్-టెంగ్. నిజమే. ఏ విందులోనైనా మైకులూ స్పీకర్లూ అతనివే. వేదికకి వీపు పెట్టి, డబ్బాల వెనక కూర్చుని, చెవులతోనే పనిచేస్తాడు. ఆ చెవులకి ఏనాడూ లోపం వినపడలేదు.

"నాదే తప్పు," అంది బి-యున్ గోడతోనే. "ఇదీ సంగతి అని చెప్పాల్సింది. చెబితే ఈయన పరువు నీ దుకాణంలో పెట్టి వచ్చినట్టుంటుందని చెప్పలేదు."

"నేను అడగాల్సిందక్కా. ఎందుకు ముట్టుకోవద్దంటున్నావని ఒక్క మాట..."

"అడిగినా చెప్పేదాన్ని కాదేమో."

వెన్-టెంగ్‌కి ఏదైనా చెయ్యాలనిపించి, "ఇందులో యంత్రం తాళం ఉందన్నా. ఎడం చేత్తో నాలుగు స్వరాలు పట్టుకుంటే చాలు, మిగతాది అదే నింపుతుంది," అన్నాడు.

హువో-వాంగ్ అతని వంక జాలిగా చూశాడు. "డబ్బా తాళానికి నా భార్య పాడదురా," అన్నాడు.

ఇంటికి వెళ్ళాక వెన్-టెంగ్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. చియావోకి సంగతంతా చెప్పాడు. ముట్టుకోవద్దంది కదా అని ఆవిడ దెప్పిపొడవలేదు. దెప్పినా బాగుండును అనిపించింది.

"ఎలాగూ పాత బ్యాటరీయేగా," అంది చియావో. "నువ్వు తియ్యకపోయినా రేపో మాపో అయిపోయేదే. అప్పుడూ పోయేవేగా పాటలు."

వెన్-టెంగ్ ఆష్‌ట్రేలోంచి ఆ బ్యాటరీ ఏరి, బూడిద తుడిచి, మీటరు పెట్టాడు. మూడు ఓల్టులు. ఇంకా ఏళ్ళు బతికేది. తీసేముందు ఇంకో బ్యాటరీని రెండు తీగలతో పక్కన ఆనించి ఉంటే చాలు, ఒక్క పాట కూడా పోయేది కాదు. అది అతనికి తెలియని విద్య కాదు. ఆఫీసుల ఫోన్ పెట్టెలకు ఎన్నిసార్లో చేశాడు. పాత కీబోర్డులో దాచుకోవలసిందేముంటుందిలే అనుకున్నాడు, అంతే. హువో-వాంగ్ రెండు చేతుల వాయిద్యం ఇక ఈ లోకంలో ఎక్కడా లేదు. దాన్ని తుడిచింది తన కుంచె.

* * *

చాంద్రమానం తొమ్మిదో నెల తొమ్మిదో రోజున పేట హాలులో పెద్దలందరికీ విందు. గుండ్రటి బల్లలు, ఎర్ర గుడ్డలు, నువ్వుల నూనెలో ఉడికిన కోడి వాసన. పేట పెద్ద కువో, గట్టి గొంతున్న యాభై ఏళ్ళ ఆవిడ, బల్ల బల్లకీ తిరిగి ముసలివాళ్ళకు సూపు వడ్డిస్తోంది. బి-యున్ దంపతులు రారేమో, రాకపోతే బాగుండును అనుకుంటూ వెన్-టెంగ్ స్పీకర్ల వెనక తీగలు సర్దాడు.

వచ్చారు. బి-యున్ ముదురెరుపు పొడుగు గౌను వేసుకుంది. హువో-వాంగ్ కర్ర పట్టుకుని మెల్లగా వేదిక ఎక్కాడు. ఈసారి వెన్-టెంగ్ కుర్చీ తిప్పి వాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. బి-యున్ అలవాటు కొద్దీ మొగుడి కుడి చెయ్యి అందుకోబోయింది. అతను తల అడ్డంగా ఊపి, ఆ చెయ్యి ఒళ్ళోనే ఉంచుకున్నాడు. ఎడం చెయ్యి కీల మీద పెట్టాడు.

బొంగురు స్వరాలు మూడు వరసగా పలికాయి. బి-యున్ పాట అందుకుంది. రేవులో పడవ కోసం చూసే ఆడమనిషి పాట. చరణానికీ చరణానికీ మధ్య కుడి చెయ్యి గలగలా నింపే చోటు ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి ఏమీ లేదు. కింది స్వరం ఒక్కటే, ఆగి ఆగి. బి-యున్ ఆ ఖాళీలో కళ్ళు మూసుకుని నిలబడింది. అక్కడ ఉండాల్సిన వాయిద్యమంతా అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు రెండో చరణం ఎత్తుకుంది. వెన్-టెంగ్ తలెత్తి జనం మొహాలు చూడలేకపోయాడు.

పాట అయిపోయింది.

చప్పట్లు మోగాయి. ఏటేటా మోగినట్టే. ముందు బల్ల దగ్గర పళ్ళు లేని ముసలాయన చాప్‌స్టిక్స్‌తో గిన్నె మీద టకటకా కొట్టాడు, ఏటేటా కొట్టినట్టే. వెనకనుంచి ఎవరో అరిచారు: "హువో-వాంగ్! జబ్బు చేసినా నీ చెయ్యి తగ్గలేదయ్యా!"

వెన్-టెంగ్ పక్కనే సూపు గిన్నె పట్టుకుని నిలబడ్డ కువోని చూశాడు. "మీరు విన్లేదా? ఒక్క చేత్తోనే వాయించాడు."

"ఎప్పుడూ ఒక్క చెయ్యేగా," అంది కువో, గిన్నె బల్ల మీద దించి, గరిటె చంకలో పెట్టుకుని చప్పట్లు కొడుతూ. "కుడి చెయ్యి ఆవిడ తీసి పెట్టడం అందరం చూస్తూనే ఉన్నాం. ఏం, నీకు తెలీదూ? ఆ దాచిన పాటల ఏర్పాటు చేసిందే నువ్వనుకున్నాం కదయ్యా మేమంతా!"

వెన్-టెంగ్ వేదిక వంక చూశాడు. హువో-వాంగ్ చప్పట్లకు తల వంచబోతూ సగంలో ఆగాడు. నిరుటి చప్పట్లే. నిరుటి అరుపే. రెండు చేతుల పాటకీ, ఈ కుంటి పాటకీ ఒకే చప్పట్లు. ఆయన తల ఎత్తి ముందు బల్లని చూశాడు, పక్క బల్లని చూశాడు, గిన్నె మీద కొడుతున్న ముసలాయన్ని చూశాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ దాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టుంది.

జనం పళ్ళూ మిఠాయిల మీద పడ్డాక వెన్-టెంగ్ వేదిక ఎక్కాడు. హువో-వాంగ్ ఇంకా కీబోర్డు ముందే కూర్చున్నాడు.

"నేనే వీళ్ళని బోల్తా కొట్టిస్తున్నాననుకున్నాను టెంగ్," అన్నాడు. "పాపం, ఎంత ఓపిక పట్టారో చూడు."

వెన్-టెంగ్ బి-యున్ వంక చూశాడు. ఆవిడ పూల దుప్పటి విప్పుతోంది. ఆవిడ మొహంలో ఆశ్చర్యమన్నది లేదు. ఊరికి తెలుసని ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఇన్నాళ్ళూ ఆవిడ దాచింది ఊరి దగ్గర కాదు, పక్కన కూర్చున్న ఈ ఒక్క మనిషి దగ్గర. ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పింది దానికోసం. అది అర్థమయ్యాక వెన్-టెంగ్ తల వంచుకుని వేదిక మీది తీగలు చుట్టసాగాడు.

"నడుద్దామా?" అంది ఆవిడ మొగుడితో, కర్ర అందిస్తూ. తర్వాత వెన్-టెంగ్‌తో, "దీన్ని నీ దుకాణంలోనే ఉంచు తమ్ముడూ. మళ్ళీ మూడంతస్తులు మోయడం ఎందుకు," అంది. గొంతులో కోపం లేదు. దుప్పటి మాత్రం మడిచి చంకలో పెట్టుకుని తీసుకుపోయింది.

వాళ్ళు తలుపు దాటేదాకా చూసి, వెన్-టెంగ్ కీబోర్డు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. రెగ్యులేటరు ఉన్న చోట గోరువెచ్చగా ఉంది, అంతే. పాట మొత్తంలో ఒక్కసారి కూడా కరెంటు తెగలేదు. స్విచ్చి నొక్కాడు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆ వరసలో ఒక మీట మీద ఎర్రచుక్క చెక్కుచెదరకుండా ఉంది.